జర్మన్ బీ1లో రైటింగ్ ఒక్కటే పోయింది, రాయడం ఎలా బాగుచేసుకోవాలి?

మధురవాడ_నర్స్:

అందరికీ నమస్తే. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, డ్యూటీ కోసం మధురవాడలో రూమ్ తీసుకుని ఉంటున్నాను, ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్స్‌ని. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. జర్మనీ వెళ్దామని ఏడాదిగా జర్మన్ నేర్చుకుంటున్నాను. ఆమధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళి గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ జర్మన్ పరీక్ష, బీ1 లెవెల్, రాసొచ్చాను, మొన్న రిజల్ట్ వచ్చింది. వందకి చదవడం 73, వినడం 67, మాట్లాడటం 71, రాయడం 46. దేనికి దానికి 60 వస్తేనే పాస్ కాబట్టి రాయడం ఒక్కటీ పోయింది. అన్నీ మళ్ళీ రాయక్కర్లేదు, పోయిన మాడ్యూల్ ఒక్కటే రాసుకోవచ్చు, అదొక్కటే కాస్త ఊరట.

నాకు అర్థం కానిది ఏంటంటే మాట్లాడినప్పుడు ఎలాగో నెట్టుకొచ్చేస్తున్నాను గానీ పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగిపోతుంది. నేను వెళ్ళిన కోచింగ్‌లో ఇరవై లెటర్లు ఇచ్చి బట్టీ పట్టమన్నారు, పట్టాను, అన్నీ అప్పజెప్పగలను కూడా. పరీక్షలో వచ్చిన ప్రశ్న ఆ ఇరవైలో లేదు. నాకు వచ్చిన లెటర్‌నే అటూ ఇటూ తిప్పి రాసేశాను, అడిగిన మూడు పాయింట్లలో ఒకటి పూర్తిగా వదిలేశానని బయటికొచ్చాక గుర్తొచ్చింది. సొంతంగా రాయాలంటే ముందు ఇంగ్లీష్‌లో అనుకుని దాన్ని జర్మన్‌లోకి మార్చుకుంటాను, నా ఇంగ్లీషే అంతంత మాత్రం, అక్కడే సగం టైం పోతుంది.

ఇంకా రెండు నెలలు టైం ఉంది. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. రోజుకి గంట కంటే ఎక్కువ కుదరదు. ఏ భాష నేర్చుకున్న వాళ్ళైనా సరే, మీకు రాయడం నిజంగా ఎలా వచ్చిందో చెప్పండి ప్లీజ్.

ద్వారకానగర్_27:

బాధపడకండి అక్కా, నాకు ఐఈఎల్‌టీఎస్‌లో కూడా ఇదే జరిగింది, మిగతా మూడూ బానే వచ్చి రైటింగ్‌లో తగ్గింది. నేనైతే పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని రోజూ టైం పెట్టుకుని ఒక ఎస్సే రాసేవాడిని, రెండోసారికి వచ్చేసింది. అయితే నాకు దిద్దిపెట్టడానికి మా అక్క ఉంది, అది లేకపోతే ఎన్ని రాసినా అదే తప్పు మళ్ళీ మళ్ళీ రాసేవాడినేమో.

గాజువాక_సిస్టర్:

చెల్లీ, నేనూ నర్స్‌నే, మాది గాజువాక, జర్మనీ వచ్చి నాలుగో ఏడు నడుస్తోంది. నీ పోస్ట్‌లో ఒక్క ముక్క చూసి ఆగిపోయాను, ఇంగ్లీష్‌లో అనుకుని మార్చుకుంటాను అన్నావు కదా, అదే అసలు జబ్బు. నేనూ ఏడాది పాటు అదే చేశాను. పుస్తకాలన్నీ ఇంగ్లీష్‌లో వివరించి ఉంటాయి, కోచింగ్‌లో చెప్పేదీ ఇంగ్లీష్‌లోనే, అందుకని జర్మన్‌కి దారి ఇంగ్లీష్ మీదుగానే అనుకుంటాం. కాదమ్మా. చాలా చోట్ల తెలుగు నుంచి నేరుగా వెళ్తేనే దగ్గర.

చూడు, నీకు చలేస్తోంది. ఇంగ్లీష్‌లో అనుకుంటే 'ఐ యామ్ కోల్డ్', దాన్ని మారిస్తే 'ఇష్ బిన్ కాల్ట్' అవుతుంది, అది తప్పు, నేను మనసు లేని మనిషిని అన్నట్టు వినిపిస్తుంది. కరెక్ట్ ఏంటంటే 'మీర్ ఇస్ట్ కాల్ట్'. మీర్ అంటే నాకు. మనం ఏమంటాం, నాకు చలిగా ఉంది అంటాం. నేను చలి అనం కదా! అలాగే నాకు నచ్చింది అనడానికి 'మీర్ గెఫెల్ట్', నాకు ఒంట్లో బాలేదు, కడుపులో తిప్పుతోంది అంటే 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్'. అన్నీ 'నాకు'తోనే. డేటివ్ అనేసరికి టేబుల్ వేసి భయపెడతారు, మనం పుట్టినప్పటి నుంచీ ఆ 'కు'తో బతుకుతున్నాం.

ఇంకోటి, క్రియ ఎక్కడ పెట్టాలి అన్నది. 'వైల్'తో మొదలైన ముక్కలో క్రియ చివరికి పోతుందని రూల్ చెప్తారు, ఇంగ్లీష్ మీదుగా వచ్చిన వాళ్ళకి అది వింత. మనకి వింతేముంది, తెలుగులో క్రియ ఎప్పుడూ చివరే కదా. 'నాకు ఇవాళ నైట్ డ్యూటీ ఉంది కాబట్టి' అని తెలుగులో అనుకో, ఆ 'ఉంది' ఎక్కడుందో చూసుకుని జర్మన్‌లోనూ అక్కడే పెట్టు. 'వైల్ ఇష్ హోయ్టె నాఖ్ట్‌డీన్‌స్ట్ హాబె.' ఒక్క 'కాబట్టి' మాత్రం వెనక నుంచి ముందుకొచ్చి 'వైల్' అవుతుంది, మిగతాదంతా మన వరసే. 'పని చెయ్యాలి' అన్నా అంతే, 'ఇష్ ముస్ హోయ్టె ఆర్బైటెన్', పని చెయ్యడం అనే మాట చివర కూర్చుంది, 'ముస్' ఒక్కటే ముందుకి జరిగింది.

అన్ని చోట్లా తెలుగు కాపాడుతుందని చెప్పట్లేదు. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలోనే ఉండాలి, అది మనకి అలవాటు లేదు. నామవాచకం ముందు దాని లింగాన్ని బట్టి పెట్టే డెర్, డీ, డాస్ అసలే లేవు మనకి, అందుకే రాసేటప్పుడు మర్చిపోతాం. అవి విడిగా సాధించాల్సిందే.

ఇంగ్లీష్ మీదుగా వెళ్తే ఇంకో ప్రమాదం ఉంది, ఒకేలా కనిపించే మాటలు. 'విల్' అంటే జర్మన్‌లో కావాలి, చేస్తాను అని కాదు. 'బెకొమ్మెన్' అంటే అందుకోవడం, అవ్వడం కాదు. 'గిఫ్ట్' అంటే విషం! కానుక అనాలంటే 'గెషెంక్'. నాతో చదివిన ఒకమ్మాయి పుట్టినరోజు కానుకకి థాంక్స్ చెప్తూ ఈమెయిల్ నిండా గిఫ్ట్ గిఫ్ట్ అని రాసింది.

ఇక్కడ వార్డులో రాసేది ఎలా ఉంటుందో కూడా చెప్తాను, నీకు పనికొస్తుంది. షిఫ్ట్ అయ్యాక ప్రతి పేషెంట్‌కీ రిపోర్ట్ రాయాలి. పెద్ద పెద్ద వాక్యాలు ఎవరికీ అక్కర్లేదు. ఎన్నింటికి, ఏం చూశావు, ఏం చేశావు, తర్వాత ఎలా ఉన్నారు. పేషెంట్ గొడవ చేశారు అని రాయకూడదు, ప్లేట్ తోసేశారు, రెండుసార్లు గట్టిగా అరిచారు అని చూసింది చూసినట్టు రాయాలి. నొప్పి ఉంది అని మనం తేల్చకూడదు, నొప్పి ఉందని పేషెంట్ చెప్తున్నారు అని రాయాలి. నువ్వు ఇప్పుడు చేస్తున్న డ్యూటీలో రోజూ ఈ పనే చేస్తున్నావు కదా, రూమ్‌కి వెళ్ళాక ఆ రాత్రి జరిగిన ఒక్క సంగతి (పేషెంట్ పేరు, వివరాలు లేకుండా) నాలుగు జర్మన్ వాక్యాల్లో రాసి పడుకో. నాకు రాయడం వచ్చింది దాంతోనే.

పెందుర్తి_మాస్టారు:

అమ్మా, నాకు జర్మన్ రాదు, ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సిస్టర్ గారు చెప్పింది చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

మన ఉత్తరాంధ్ర మనిషి గిడుగు రామమూర్తి పంతులు గారు, 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో టీచరుగా పనిచేశారు. ఆయన వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ ఆయన కూడా ఒక భాషని మొదట్నుంచి నేర్చుకున్న విద్యార్థి అన్న సంగతి చాలామందికి పట్టదు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి లిపి లేదు, బట్టీ పట్టడానికి పుస్తకం లేదు. వాళ్ళ నోట విని, రాసుకుని, మళ్ళీ వాళ్ళనే అడిగి సరిచేసుకుని, చివరికి ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. విన్నది రాయడం, రాసింది ఆ భాష వాళ్ళకి వినిపించడం, వాళ్ళు కాదన్నది మార్చుకోవడం. ఈ మూడూ నువ్వు చెయ్యగలవా అన్నది ఆలోచించమ్మా.

నువ్వు మాట్లాడటంలో 71 తెచ్చుకున్నావు, అంటే భాష నీ నోట్లో ఉంది. నోట్లో ఉన్నదాన్ని చేతిలోకి తేవాలి. నేను పిల్లలతో చేయించేది ఇది. వ్యాసం రాయలేను మాస్టారూ అన్న పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు నాకు చెప్పరా అనేవాడిని, గడగడా చెప్పేవాడు, ఇప్పుడు ఆ చెప్పిందే రాయి అనేవాడిని. నీ ఫోన్లో రికార్డింగ్ ఉంటుంది కదా, ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు రెండు నిమిషాలు జర్మన్‌లో మాట్లాడి రికార్డ్ చెయ్యి, తర్వాత అది వింటూ రాయి. రాస్తుంటేనే ఎక్కడ తడబడ్డావో నీకే దొరుకుతుంది.

ఇంకొకటి చూచిరాత. చిన్నప్పుడు అందరం రాశాం, ఇప్పుడు చిన్నతనం అనుకుంటారు గానీ దాని విలువ దానిదే. అయితే అక్షరం చూసి అక్షరం దించకూడదు. ఒక వాక్యం మొత్తం చదువు, పుస్తకం మూసెయ్యి, గుర్తున్నది రాయి, తెరిచి పోల్చుకో. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఆ భాష నీకు ఇంకా పట్టుబడలేదన్నమాట. రోజుకి ఐదు వాక్యాలు చాలు, పది నిమిషాల పని.

మధురవాడ_నర్స్:

సిస్టర్ అక్కా, మాస్టారూ, మీ ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. 'మీర్ ఇస్ట్ కాల్ట్' నాకు తెలుసు, బట్టీ పట్టాను, కానీ అది మన 'నాకు చలిగా ఉంది' అని ఏడాదిలో ఒక్కరూ చెప్పలేదు. ఇవాళ బస్సులో వస్తూ తెలుగు వాక్యాలు అనుకుంటూ మారుస్తూనే ఉన్నాను, ఎండాడ దాటింది కూడా తెలీలేదు.

ఒక డౌట్. రాసింది ఎవరు దిద్దుతారు? కోచింగ్ అయిపోయింది, మళ్ళీ ఫీజు కట్టే పరిస్థితి లేదు. ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్‌లో తెలుగు వేసి జర్మన్ తెచ్చుకుంటే అది తప్పులేకుండా ఇస్తుంది కానీ నాకేమీ గుర్తుండట్లేదు. రాయడానికి టాపిక్స్ కూడా చెప్పండి, పుస్తకంలో ఉన్న పర్యావరణ కాలుష్యం లాంటివి చూస్తే నాకు రెండు వాక్యాల తర్వాత ఏమీ రావట్లేదు.

ఆటోనగర్_బాబాయ్:

టాపిక్ గురించి నేను చెప్తాను. నాది ఇంగ్లీష్. కంపెనీలో రిపోర్టులు రాయాల్సొచ్చి నలభై ఏళ్ళు దాటాక రాయడం మొదలెట్టాను. నాకూ కాలుష్యం, టీవీ వల్ల లాభనష్టాలు, ఇవే ఇచ్చేవారు, పెన్ను కదిలేది కాదు. ఒకరోజు ఏదైనా సరే రాద్దామని హుద్‌హుద్ తుఫాను గురించి మొదలెట్టాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా రేకులు లేచిపోవడం, మా అమ్మని మంచం కింద కూర్చోబెట్టడం, మర్నాడు తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేకపోవడం, కైలాసగిరి పచ్చదనమంతా పోయి బోడిగా కనిపించడం, కరెంటు లేక, ఫోన్లు పనిచెయ్యక, పాల ప్యాకెట్ కోసం లైన్లో నిలబడటం. రెండు పేజీలు వచ్చేసింది. అంతా తప్పులే, కానీ రెండు పేజీలు! రేకు లేచిపోయింది అనడానికి మాట తెలీక డిక్షనరీ చూశాను, ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, ఎందుకంటే అది నాకు కావాల్సిన మాట. పుస్తకంలో లిస్ట్ చూసి నేర్చుకున్నవి వారం కూడా నిలబడేవి కాదు.

నువ్వు మీ ఊరి బెల్లం గురించి రాయమ్మా. అనకాపల్లి దగ్గర అన్నావు కదా, చెరకు గానుగ, బెల్లం వండటం చూసే ఉంటావు. అది జర్మన్ వాళ్ళకి తెలీదు, నీకు తెలుసు. చెప్పాల్సిన సంగతి నీ దగ్గరుంటే భాష వెతుక్కుంటూ వస్తుంది.

మద్దిలపాలెం_జర్మన్:

నేను జర్మన్ చెప్తాను, ఎనిమిదేళ్ళుగా స్టూడెంట్ల పేపర్లు దిద్దుతున్నాను. పైన చెప్పినవన్నీ మంచివే. ట్రాన్స్‌లేట్ యాప్ గురించి ముందు చెప్తాను. యాప్ తప్పు కాదు, దాన్ని ముందు తెరవడం తప్పు. మొదట నువ్వు రాయి, తెలీని మాట దగ్గర ఖాళీ వదిలేసి తెలుగులో పెట్టుకో, ఆగకు. మొత్తం అయ్యాక యాప్‌లో నీ జర్మన్‌ని వేసి తెలుగులోకి తిప్పు. నువ్వు చెప్పాలనుకున్నది రాకపోతే ఎక్కడో విరిగింది అన్నమాట. అప్పుడు ఆ వాక్యం ఒక్కటే పట్టుకుని వెతుకు. ఒక్కోసారి యాప్ మన తప్పుని సర్దేసి మంచి తెలుగు చూపిస్తుంది, కాబట్టి దాన్నే పూర్తిగా నమ్మెయ్యకు.

దిద్దడం గురించి. ఎర్ర పెన్నుతో పేజీ మొత్తం దిద్ది ఇస్తే స్టూడెంట్ ఒకసారి చూసి బ్యాగ్‌లో పెట్టేస్తారు, ఎన్నిసార్లు చూశానో. అందుకే నేను దిద్దడం మానేసి తప్పున్న లైన్ పక్కన చిన్న గుర్తు మాత్రం పెడతాను, ఏ తప్పో వాళ్ళే కనిపెట్టాలి. నువ్వు ఒక్కదానివే చెయ్యాలంటే రాసినదాన్ని మూడుసార్లు చదువు, ఒక్కోసారి ఒక్కటే చూడు. మొదటిసారి క్రియలు మాత్రమే, రెండో స్థానంలో ఉందా, 'వైల్' గానీ, మన 'అని' లాంటి 'డాస్' గానీ ఉన్నచోట చివరికి వెళ్ళిందా అని. రెండోసారి నామవాచకాలన్నీ క్యాపిటల్ లెటర్‌తో మొదలయ్యాయా, మన లిపిలో పెద్ద అక్షరం చిన్న అక్షరం అన్నదే లేదు కాబట్టి మనవాళ్ళు ఇది బాగా వదిలేస్తారు. మూడోసారి డెర్, డీ, డాస్. అన్నీ ఒకేసారి చూద్దామంటే ఏదీ కనపడదు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని నీ తప్పు వాక్యం ఒక పక్క, సరైనది ఇంకో పక్క రాసుకో. రెండు వారాలయ్యాక చూస్తే నీ తప్పులు వందల రకాలు ఉండవు, నాలుగైదే ఉంటాయి, తిరిగి తిరిగి అవే వస్తుంటాయి. ఇంకో మాట, దిద్దించుకున్నాక అక్కడితో వదిలెయ్యకు, మూడు రోజులాగి అదే ఉత్తరం చూడకుండా మళ్ళీ రాయి. కొత్తవి పది రాసేకంటే ఒకటి మూడుసార్లు రాయడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

పరీక్ష సంగతి. మొత్తం 60 నిమిషాలు, మూడు రాయాలి. ఫ్రెండ్‌కి ఈమెయిల్ 80 మాటలు, ఒక విషయం మీద నీ అభిప్రాయం 80 మాటలు, మర్యాదగా రాసే చిన్న ఈమెయిల్ 40 మాటలు. ఇరవై, పాతిక, పదిహేను నిమిషాలుగా పంచుకో. నీకు 46 రావడంలో గ్రామర్ కంటే ఆ వదిలేసిన పాయింట్ ఎక్కువ దెబ్బ కొట్టి ఉంటుంది, అడిగిన పాయింట్లకి జవాబు చెప్పామా లేదా అన్నది వాళ్ళు మొదట చూస్తారు. రాయడం మొదలెట్టే ముందు మూడు పాయింట్ల పక్కనా ఒక్కో మాట గీసుకో, రాశాక టిక్ పెట్టు. మూడో దాంట్లో 'జీ' వాడాలి, 'డూ' కాదు, అది మన మీరు, నువ్వు లాంటిదే, మధ్యలో మార్చేస్తే టీచర్ గారిని నువ్వు అన్నట్టే. తర్వాత, సంబోధన రాసి కామా పెట్టాక కింది లైన్ చిన్న అక్షరంతోనే మొదలవ్వాలి, ఇంగ్లీష్ అలవాటుతో పెద్దది పెడతారు.

వారానికి ఒకటి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. ఫీజు ఏమీ అక్కర్లేదు.

మధురవాడ_నర్స్:

సార్, మీరు అలా అంటారని అనుకోలేదు, చాలా థాంక్స్. పన్నెండు రోజులైంది, రోజూ రాస్తున్నాను. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి పడుకునే ముందు నాలుగు వాక్యాలు, మాస్టారు చెప్పిన చూచిరాత ఐదు వాక్యాలు. నోట్‌బుక్‌లో చూస్తే నావి సార్ అన్నట్టే నాలుగు రకాల తప్పులే, అందులో డెర్, డీ, డాస్‌వే సగం పైన ఉన్నాయి. బెల్లం గురించి రాయడం మొదలెట్టాను బాబాయ్ గారూ, గానుగ దగ్గర ఆగాను, మా నాన్నకి ఫోన్ చేసి పాకం ఎప్పుడు దించుతారో అడిగి మళ్ళీ రాస్తున్నాను.

ఇవాళ్టి నాలుగు వాక్యాలు పెడుతున్నాను, మీ కోసం తెలుగు అక్షరాల్లో రాశాను. 'గెస్టెర్న్ ఇష్ హాబె బిస్ ఆఖ్ట్ ఊర్ గెఆర్బైటెట్. ఇష్ బిన్ మ్యూడె, వైల్ ఇష్ నాఖ్ట్‌డీన్‌స్ట్ హాట్టె. మీర్ ఇస్ట్ వార్మ్. ఇష్ ముస్ యెట్స్ట్ ష్లాఫెన్.' నిన్న ఎనిమిదింటి దాకా పని చేశాను, నైట్ డ్యూటీ ఉండింది కాబట్టి అలసిపోయాను, నాకు ఉక్కగా ఉంది, ఇప్పుడు పడుకోవాలి అని.

గాజువాక_సిస్టర్:

'మీర్ ఇస్ట్ వార్మ్'! చెల్లీ, విశాఖ ఉక్కపోత నాకు ఇక్కడిదాకా తగిలింది.

మద్దిలపాలెం_జర్మన్:

రెండు, మూడు, నాలుగు బావున్నాయి, వైల్ వాక్యంలో హాట్టె చివర సరిగ్గా పడింది. మొదటి వాక్యం పక్కన గుర్తు పెడుతున్నాను, క్రియ చూడు. క్లూ ఇస్తాను, 'గెస్టెర్న్' ఒక స్థానం తీసేసుకుంది.

మధురవాడ_నర్స్:

గెస్టెర్న్ హాబె ఇష్ బిస్ ఆఖ్ట్ ఊర్ గెఆర్బైటెట్.

మద్దిలపాలెం_జర్మన్:

అదే. ఇప్పుడు పడుకో. గురువారం ఇదే చూడకుండా మళ్ళీ రాయి.